ఫ్రెంచ్‌లో లె, లా, లే, లుయి, లెర్, ఈ, ఆఁ: ఏది ఎక్కడ వాడాలి? తెలుగువాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

విజయవాడలో మా ఇంటి మేడ మీద ఆదివారం పొద్దున ఫ్రెంచ్ క్లాసు నడుస్తుంది. గుంటూరు నుంచి, తెనాలి నుంచి కూడా రైలెక్కి వస్తారు. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్న పిల్లలు కొందరు, కెనడా కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాయాలనుకునే ఉద్యోగస్తులు కొందరు, డెల్ఫ్ పరీక్షలో ఏ2 స్థాయి దగ్గర ఆగిపోయినవాళ్ళు ఇంకొందరు. ఎవరు వచ్చినా రెండో నెలలో ఒకటే ప్రశ్న: "లె పెట్టాలా, లుయి పెట్టాలా? ఎలా తెలుస్తుంది మేడమ్?"

ఇంతమంది అడిగారు కాబట్టి ఈ సర్వనామాల గురించి, అంటే "అతన్ని", "అతనికి", "దానికి" లాంటి మాటల గురించి, మొత్తం వరసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. ఈ పాఠాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి. మన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండబట్టి మనం తెలుగులో అనుకుని, ఇంగ్లీషులోకి మార్చి, అక్కణ్ణుంచి ఫ్రెంచ్‌కి వెళ్తున్నాం. సగం తప్పులు ఆ మధ్య మజిలీలోనే పుడుతున్నాయి. "ని", "కి" తేడా తెలుగులో పుట్టినప్పటి నుంచి మన నాలుక మీదే ఉంది. ఫ్రెంచ్ అడిగేది కూడా దాదాపు అదే తేడా.

ఫ్రెంచ్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. "లె" పొట్టిది, "లే" పొడుగుది. మొదటిది ఏకవచనం, రెండోది బహువచనం. హ్రస్వం, దీర్ఘం ఇక్కడ రాతలో గుర్తు కోసమే. పలికేటప్పుడు అసలు తేడా నిడివిలో కాదు, అచ్చులోనే ఉంటుంది. "లె" అన్నప్పుడు పెదాలు కాస్త గుండ్రంగా పెట్టాలి, "లే" అన్నప్పుడు పక్కలకి చాచాలి. సున్నితమైన ముక్కు శబ్దానికి అరసున్న వాడాను. రాతలో అపాస్ట్రఫీ వచ్చే చోట ఇక్కడా అదే గుర్తు పెట్టాను.

1. మొదలుపెట్టే ముందు

ముందు ఈ పట్టిక నోటికి రావాలి. అర్థాలు తెలుగులోనే గుర్తుపెట్టుకోండి.

- మె: నన్ను, నాకు
- తె: నిన్ను, నీకు
- లె: అతన్ని, పుంలింగ వస్తువైతే దాన్ని
- లా: ఆమెను, స్త్రీలింగ వస్తువైతే దాన్ని
- లుయి: అతనికి, ఆమెకి (రెండింటికీ ఒకటే)
- నూ: మమ్మల్ని, మాకు, మనల్ని, మనకు
- వూ: మిమ్మల్ని, మీకు
- లే: వాళ్ళని, వాటిని
- లెర్: వాళ్ళకి
- ఈ: అక్కడికి, అక్కడ, దానికి
- ఆఁ: అందులో కొంత, వాటిలో ఇన్ని, అక్కణ్ణుంచి, దాని గురించి

పట్టిక ఇంకోసారి చూడండి. మె, తె, నూ, వూ దగ్గర "ని", "కి" రెండింటికీ మాట ఒకటే. అంటే అక్కడ మీరు ఎంచుకోవాల్సింది ఏమీ లేదు. గొడవంతా మూడో వ్యక్తి (అతను, ఆమె, అది, వాళ్ళు) దగ్గరే: లె, లా, లే ఒకవైపు, లుయి, లెర్ ఇంకోవైపు. ఇది తెలియగానే చాలామందికి సగం టెన్షన్ తగ్గిపోతుంది.

తయారీ చెక్‌లిస్ట్:

☐ ప్రతి నామవాచకాన్నీ దాని ముందున్న లె, లా తోనే రాసుకున్నాను (ఒట్టి "క్లే" కాదు, "లా క్లే")
☐ క్రియల కోసం వేరే నోట్‌బుక్ పెట్టాను
☐ ప్రతి క్రియ పక్కన "అ" (కి, కు) వస్తుందా, "దె" (నుంచి, గురించి) వస్తుందా, ఏదీ రాదా అన్నది రాశాను
☐ రెండు రంగుల పెన్నులున్నాయి: "ని" రకానికి నీలం, "కి" రకానికి ఎరుపు

క్రియల నోట్‌బుక్ లేకుండా ఈ పాఠం ముందుకు సాగదు. అట్టలు చినిగిపోయేదాకా దాన్ని వాడిన పిల్లలే తప్పుల్లేకుండా రాయడం చూశాను.

2. మొదటి మెట్టు: మాట మింగేయకండి

తెలుగువాళ్ళు చేసే అతి పెద్ద తప్పు ఏ పుస్తకంలోనూ కనిపించదు, ఎందుకంటే ఆ పుస్తకాలు మన కోసం రాసినవి కావు. ఆ తప్పు తప్పు సర్వనామం పెట్టడం కాదు. అసలు సర్వనామమే పెట్టకపోవడం.

మొన్నొక ఆదివారం, గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చే అమ్మాయిని అడిగాను: "త్యు ఆ వ్యు మా క్లే?" – నా తాళంచెవి చూశావా? బల్ల మీద నోట్‌బుక్ పక్కనే ఉంది తాళంచెవి. చూసింది, నవ్వింది, "వీ, జ్'ఎ వ్యు" అంది. నేను ఏమీ అనకుండా ఆగాను. ఇంకోసారి అదే చెప్పింది, ఈసారి ఉచ్చారణ సరిచేసుకుని. తప్పు ఉచ్చారణలో ఉందనుకుంది పాపం.

తెలుగులో "చూశావా?" అంటే "చూశాను" అంటాం. దేన్ని చూశామో మళ్ళీ చెప్పం. "తిన్నావా? తిన్నాను." "కొన్నావా? కొన్నాను." ఫ్రెంచ్‌లో అలా వదిలేస్తే వాక్యం కుంటుతుంది. "వీ, జె ల్'ఎ వ్యు" అనాలి. "అవును, దాన్ని చూశాను" అని.

దీనికి మందు ఒకటే. జవాబు చెప్పే ముందు తెలుగులోనే పూర్తి వాక్యం అనుకోండి. "చూశాను" కాదు, "దాన్ని చూశాను". "ఇచ్చాను" కాదు, "దాన్ని అతనికి ఇచ్చాను". మనసులో ఆ "దాన్ని", "అతనికి" పలికితే ఫ్రెంచ్‌లో వాటి జాగా ఖాళీగా ఉండదు. రెండు వారాలు కృత్రిమంగా అనిపిస్తుంది. అయినా చేయండి.

3. రెండో మెట్టు: ఆర్టికల్ చూడండి

వస్తువు లింగం ఎలా తెలుస్తుంది? తెలుగులో బల్లకీ పుస్తకానికీ లింగం లేదు, రెండూ "అదే". ఫ్రెంచ్‌లో "లె లీవ్ర్" పుంలింగం, "లా తాబ్ల్" స్త్రీలింగం. కానీ విడిగా కంఠస్థం చేయాల్సిన పనిలేదు, ఎందుకంటే ఆర్టికలే సర్వనామంగా మారుతుంది:

- లె లీవ్ర్ → జె లె రెగార్ద్ (పుస్తకాన్ని చూస్తున్నాను → దాన్ని చూస్తున్నాను)
- లా క్లే → జె లా షెర్ష్ (తాళంచెవి → దాన్ని వెతుకుతున్నాను)
- లే ఫొతో → జె లే రెగార్ద్ (ఫొటోలు → వాటిని చూస్తున్నాను)

నామవాచకం తీసేసి, దాని ముందున్న లె, లా, లే ని క్రియ ముందుకు జరిపారు, అంతే. మోఁ, మా, మే (నా), సె, సెత్, సే (ఈ, ఆ) ఉన్నా ఇదే పద్ధతి. ఫలానాది అని తెలిసినదైతే లె, లా, లే.

క్రియ అచ్చుతో మొదలైతే, లేదా పలకని హెచ్‌తో మొదలైతే, లె, లా రెండూ ల్' అయిపోతాయి: జె ల్'ఎకూత్ – అతన్ని వింటున్నాను, ఆమెను వింటున్నాను, రెండూ.

మరి ముందు అఁ, యున్, దే, ద్యు ఉంటే? అప్పుడు ఫలానాది కాదు, ఏదో ఒకటి, కొన్ని, కొంత. దానికి "ఆఁ". గుంటూరు పిల్లలకి నేను మిరపకాయలతోనే చెప్తాను:

- త్యు మాఁజ్ దే పిమాఁ? (మిరపకాయలు తింటావా, మామూలుగా?) → వీ, జ్'ఆఁ మాఁజ్.
- త్యు మాఁజ్ లే పిమాఁ? (ఇదిగో, ఈ మిరపకాయలు తింటావా?) → వీ, జె లే మాఁజ్.

తెలుగులో రెండింటికీ "తింటాను" ఒక్కటే జవాబు. అందుకే ఈ తేడా మనకి పట్టుబడటానికి టైం పడుతుంది. ప్రశ్నలో నామవాచకం ముందున్న మాట వినండి, అదే జవాబు చెప్తుంది.

సంఖ్య వచ్చినా ఆఁ తప్పనిసరి. "అన్నదమ్ములు ఎంతమంది?" అంటే మనం "ముగ్గురు" అంటాం. ఫ్రెంచ్‌లో పూర్తి వాక్యం "జ్'ఆఁన్-ఎ త్రువా". ఆ ఆఁ లేకుండా "జ్'ఎ త్రువా" అంటే వినేవాళ్ళు "మూడు ఏమిటి?" అని ఎదురుచూస్తారు. అసలు లేరు అనడానికి: "జె న్'ఆఁన్-ఎ పా".

4. మూడో మెట్టు: "ని" కా, "కి" కా

ఇక అసలు చిక్కుముడి ఇక్కడే.

పద్ధతి ఇలా: వాక్యాన్ని తెలుగులో పూర్తిగా చెప్పండి. కర్మకి "ని, ను" వస్తే, లేదా వస్తువుకి ఏ విభక్తీ లేకుండా ఉంటే ("పుస్తకం చదివాను"), అది లె, లా, లే వైపు. మనిషికి "కి, కు" వస్తే లుయి, లెర్ వైపు.

- అతన్ని చూస్తున్నాను → జె లె వువా
- వాళ్ళకి రాస్తున్నాను → జె లెర్ ఎక్రీ
- అమ్మకి ఫోన్ చేస్తున్నాను → జె లుయి తెలెఫోన్

మూడోది చూడండి. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవాళ్ళు ఇక్కడ ప్రతిసారీ "లా" పెడతారు, ఎందుకంటే ఇంగ్లీషులో ఫోన్ చేయడానికి "కి" లేదు. తెలుగు నుంచి వెళ్తే తప్పు చేయమన్నా చేయలేరు. అలాగే "చూడటం", "వినడం": ఇంగ్లీషులో వీటి వెనక ఒక చిన్న మాట తగులుకుని ఉంటుంది, దాన్ని చూసి పిల్లలు "అ" పెట్టేస్తారు. తెలుగులో "దాన్ని చూశాను", "ఆ పాట విన్నాను". ఫ్రెంచ్‌లోనూ నేరుగానే.

కానీ చివరి తీర్పు ఫ్రెంచ్ క్రియదే. ఆ క్రియ తర్వాత మనిషి పేరు ముందు "అ" వస్తే లుయి, లెర్. రాకపోతే లె, లా, లే. తెలుగు విభక్తి మంచి అంచనా ఇస్తుంది, ఎక్కువసార్లు సరిపోతుంది. సరిపోని క్రియల్ని మాత్రం బట్టీ పట్టాల్సిందే. మా క్లాసులో వాటిని "అడ్డం తిరిగే క్రియలు" అంటాం.

తెలుగులో "ని", ఫ్రెంచ్‌లో లుయి:

- దెమాఁదే: అతన్ని అడిగాను → జె లుయి ఎ దెమాఁదే
- పార్దొనే: ఆమెను క్షమించాను → జె లుయి ఎ పార్దొనే
- ఫెర్ కోఁఫియాఁస్: అతన్ని నమ్ముతాను → జె లుయి ఫె కోఁఫియాఁస్
- రాఁద్ర్ వీజీత్: అమ్మమ్మని చూసి వస్తాను → జె లుయి రాఁ వీజీత్

తెలుగులో "కి" లేదా "కోసం", ఫ్రెంచ్‌లో లె, లా, లే:

- ఎదే: తమ్ముడికి సాయం చేస్తాను → జె ల్'ఎద్
- రెమెర్సియే: ఆమెకి థాంక్స్ చెప్తాను → జె లా రెమెర్సీ
- ఫెలిసితే: వాళ్ళకి అభినందనలు చెప్తాను → జె లే ఫెలిసీత్
- అతాఁద్ర్: అతని కోసం ఎదురుచూస్తున్నాను → జె ల్'అతాఁ
- షెర్షే: వాళ్ళ కోసం వెతుకుతున్నాను → జె లే షెర్ష్

తెలుగులో ఇంకేదో విభక్తి, ఫ్రెంచ్‌లో లుయి:

- పార్లే: ఆమెతో మాట్లాడతాను → జె లుయి పార్ల్
- రెసాఁబ్లే: వాళ్ళమ్మలాగే ఉంటుంది → ఎల్ లుయి రెసాఁబ్ల్
- ఒబెయీర్: నాన్న మాట వింటాడు → ఈల్ లుయి ఒబెయీ
- ఆఁప్రఁతే: అతని దగ్గర డబ్బు అప్పు తీసుకున్నాను → జె లుయి ఎ ఆఁప్రఁతే ద్ల్'అర్జాఁ

చివరిది అందర్నీ కంగారు పెడుతుంది. ఇచ్చేటప్పుడూ లుయి, తీసుకునేటప్పుడూ లుయి ఏమిటని అడుగుతారు. అవును, ఆఁప్రఁతే క్రియ "అ" తోనే నడుస్తుంది. ఒప్పుకుని నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాసుకోండి.

ఒకే అర్థానికి రెండు క్రియలుండి ఒకటి నీలం, ఒకటి ఎరుపు అయ్యే జంట కూడా ఉంది. "తెలెఫొనే" అంటే లుయి. "అప్లే" అంటే లె, లా: జె ల్'అపెల్. రెండూ "అమ్మకి కాల్ చేస్తాను" అనే చెప్తాయి. అందుకే అర్థాన్ని బట్టి కాదు, క్రియని బట్టి ఎంచుకోవాలి.

పైన చెప్పిన పదమూడు క్రియల్ని రోజూ పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఒక్కసారి వాక్యంతో సహా చెప్పుకోండి. ఒట్టి క్రియ కాదు, వాక్యం. నోటికి "జె ల్'ఎద్" అలవాటైతే "జె లుయి ఎద్" చెవికి తేడాగా తగులుతుంది. నాకు కావాల్సింది ఆ తగలడమే.

5. "నాకు" కథ: ఒక వరం, ఒక గొయ్యి

ఫ్రెంచ్ నేర్చుకునే వేరేవాళ్ళు తలపట్టుకునే వాక్యం ఒకటుంది: "మా మెర్ మె మాఁక్". అమ్మ మీద బెంగగా ఉంది అని అర్థం. ఇందులో కర్త అమ్మ. బెంగపడేది నేను, కానీ నేను "మె" గా, అంటే "నాకు"గా ఉన్నాను. ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళు దీన్ని తిరగేసి "నేను అమ్మని..." అని మొదలుపెడతారు.

మనకి ఇది కొత్తే కాదు. "నాకు అమ్మ గుర్తొస్తోంది" అంటాం. "నాకు ఆ ఊరు నచ్చింది" అంటాం, ఫ్రెంచ్‌లో "సెత్ వీల్ మె ప్లె". "అతనికి డబ్బు కావాలి" అంటాం, వాళ్ళు "ఈల్ లుయి ఫో ద్ల్'అర్జాఁ" అంటారు. మన "కి, కు" వాక్యమే అక్కడ కూర్చుని ఉంది. అమెరికాలో ఉన్న కొడుకు గురించి ఒకావిడ క్లాసులో "మోఁ ఫీస్ మె మాఁక్" అని మొదటిసారే తప్పు లేకుండా చెప్పారు. ఎలా వచ్చిందండీ అని అడిగితే "తెలుగులో అనుకున్నాను" అన్నారు.

గొయ్యి ఎక్కడంటే, ప్రతి "నాకు" కూ మె రాదు. ఈ నాలుగింట్లో కర్త "జె" నే:

- నాకు తెలుసు → జె సె
- నాకు ఇష్టం → జ్'ఎమ్
- నాకు ఆకలేస్తోంది → జ్'ఎ ఫఁ
- నాకు అర్థమైంది → జ్'ఎ కోఁప్రీ

మాఁకే, ప్లెర్, ఫో (కావాలి). ముందు ఈ మూడింటికి "నాకు = మె" అని పట్టుకోండి. మిగతావి ఎదురైనప్పుడు చేర్చుకోవచ్చు.

6. ఈ, ఆఁ: వస్తువుకి, చోటుకి

"అ" తర్వాత మనిషి ఉంటే లుయి, లెర్. వస్తువో చోటో ఉంటే "ఈ".

- మాస్టారికి జవాబు చెప్తున్నాను → జె లుయి రెపోఁ
- ఉత్తరానికి జవాబు రాస్తున్నాను → జ్'ఈ రెపోఁ
- గుంటూరు వెళ్తున్నాను → జ్'ఈ వె

"దె" తర్వాత వస్తువో చోటో ఉంటే "ఆఁ": గుంటూరు నుంచే వస్తున్నాను – జ్'ఆఁ వ్యఁ. దాని గురించి మాట్లాడుతున్నాను – జ్'ఆఁ పార్ల్.

ఒక మినహాయింపు తప్పక తెలియాలి. "పాఁసే అ" – ఒకరి గురించి ఆలోచించడం. వస్తువైతే జ్'ఈ పాఁస్. మనిషైతే క్రియ ముందు లుయి రాదు, "జె పాఁస్ అ ఎల్", "జె పాఁస్ అ లుయి" అని క్రియ తర్వాతే వస్తుంది. అలాగే "దె" తర్వాత మనిషి ఉంటే: జె పార్ల్ దె లుయి – అతని గురించి మాట్లాడుతున్నాను.

7. ఎక్కడ పెట్టాలి

మాట ఎంచుకున్నాక దాని జాగా. ఇక్కడ తెలుగు మనకి పెద్ద అండ. "నేను ఆమెను చూస్తున్నాను" – కర్మ ముందు, క్రియ తర్వాత. "జె లా వువా" – అదే వరస. నామవాచకమైతే ఫ్రెంచ్‌లో క్రియ తర్వాత వస్తుంది, సర్వనామమైతే మన వరసలోకి వచ్చేస్తుంది. "జె వువా లా" అని రాస్తే అది ఇంగ్లీషు అలవాటు, తెలుగుది కాదు.

"కాదు" చేర్చేటప్పుడు: "నె" సర్వనామానికి ముందు, "పా" క్రియ తర్వాత. జె నె లా వువా పా. మాట్లాడేటప్పుడు ఫ్రెంచ్‌వాళ్ళు తరచూ "నె" మింగేస్తారు. సినిమాలో అలా వినిపిస్తే కంగారు పడకండి, పరీక్షలో మాత్రం రాయండి.

జరిగిపోయిన పనికి (అవువార్ సాయంతో వచ్చేది): సాయం చేసే క్రియకి ముందు. జె ల్'ఎ వ్యు. జె నె ల్'ఎ పా వ్యు. "జ్'ఎ లె వ్యు" అనేది ఎప్పుడూ తప్పే.

రెండు క్రియలుండి రెండోది మూలరూపంలో ఉంటే: రెండోదాని ముందు. ఆమెను చూడబోతున్నాను – జె వె లా వువార్. అతనికి ఫోన్ చేయాలి – జె దువా లుయి తెలెఫొనే. ఏ క్రియకి కర్మో దాని ముందే కూర్చుంటుంది.

8. రెండు సర్వనామాలు కలిసి వస్తే

వరస ఇది, మారదు:

మె, తె, నూ, వూ → లె, లా, లే → లుయి, లెర్ → ఈ → ఆఁ → క్రియ

- నాకు దాన్ని ఇస్తాడు → ఈల్ మె లె దొన్
- దాన్ని అతనికి ఇస్తాను → జె లె లుయి దొన్

మొదటిదాంట్లో "కి" ముందు, రెండోదాంట్లో "ని" ముందు. తెలుగులో ఎటు చెప్పినా తప్పు లేదు కాబట్టి మన చెవి ఇక్కడ సాయం చేయదు. "మె లె, తె లె, లె లుయి, లె లెర్" అని ఎక్కాల్లా గట్టిగా చదవండి. నేనూ అలాగే నేర్చుకున్నాను, ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

మె, తె, నూ, వూ ఉన్న చోట లుయి, లెర్ కలవవు. అలా కలపాల్సి వస్తే మీ వాక్యాన్ని ఇంకోసారి చూసుకోండి.

9. "ఇవ్వు", "ఇవ్వకు"

ఆజ్ఞాపించేటప్పుడు మాత్రం సర్వనామం క్రియ వెనక్కి పోతుంది, మధ్యలో అడ్డగీత. మె, తె అనేవి మువా, తువా అవుతాయి.

- నా కోసం ఆగు → అతాఁ-మువా
- అతనికి ఇవ్వు → దొన్-లుయి
- దాన్ని నాకు ఇవ్వు → దొన్-లె-మువా
- అందులో కొంచెం నాకు ఇవ్వు → దొన్-మ్'ఆఁ

వద్దని చెప్పేటప్పుడు అంతా మామూలు వరసకి వచ్చేస్తుంది: నె మె లె దొన్ పా. పిల్లలు "ఇవ్వు" నేర్చుకున్న ఊపులో "ఇవ్వకు"కి కూడా వెనక పెట్టేస్తారు. రెండింటినీ ఎప్పుడూ జంటగానే సాధన చేయండి.

10. రాతలో చేరే అక్షరాలు

జరిగిపోయిన పనిలో లె, లా, లే ముందు వస్తే, చివరి క్రియారూపం వాటితో కలవాలి. స్త్రీలింగానికి "ఇ", బహువచనానికి "ఎస్". చాలా క్రియల్లో ఇది వినిపించదు, రాతలోనే ఉంటుంది. కొన్నింట్లో వినిపిస్తుంది: లా ఫొతో, జె ల్'ఎ ప్రీజ్ ("ప్రీ" కాదు). లా పోర్త్, జె ల్'ఎ ఊవెర్త్. లా లెత్ర్, జె ల్'ఎ ఎక్రీత్.

లుయి, లెర్ వల్ల ఏ అక్షరమూ చేరదు. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే: "జె లెర్ ఎ పార్లే" అని రాసి, "వాళ్ళకి" బహువచనం కదా అని చివర ఎస్ తగిలిస్తారు.

11. పదేపదే కనిపించే తప్పులు, దిద్దుబాట్లు

"లెర్" కి ఎస్ చేర్చడం: క్రియ ముందుండే "వాళ్ళకి" కి ఎప్పుడూ ఎస్ రాదు. ఎస్ వచ్చేది "వాళ్ళవి" అనే అర్థంలో, బహువచన నామవాచకం ముందు.

ఆమె కాబట్టి "లా" పెట్టడం: "ఆమెకి ఇచ్చాను" అనడానికి "లా" రాదు. ఆడ, మగ చూడకముందే "ని, కి" చూడండి. "కి" అయితే లుయి, అక్కడితో ఆగిపోండి.

లె, ఆఁ రెండూ పెట్టడం: ఒకే కర్మకి రెండు సర్వనామాలు ఉండవు. "మూడు కొన్నాను" అంటే జ్'ఆఁన్-ఎ అష్తే త్రువా, అంతే.

నామవాచకాన్నీ సర్వనామాన్నీ కలిపి రాయడం: "జె లె వువా లె ఫిల్మ్". మాటల్లో నొక్కి చెప్పడానికి అలా అంటారు గానీ, పరీక్ష పేపర్లో ఏదో ఒకటే ఉంచండి.

రాసిన వాక్యాన్ని సరిచూసుకునే చెక్‌లిస్ట్:

☐ కర్మని మింగేయలేదు
☐ ఫలానాదా, ఏదో కొంతా అని చూశాను
☐ క్రియ పక్కన "అ", "దె" ఉన్నాయా అని నోట్‌బుక్‌లో చూశాను
☐ మనిషా, వస్తువా అని చూశాను
☐ సరైన క్రియ ముందు పెట్టాను
☐ జరిగిపోయిన పనైతే చివరి అక్షరాలు చూశాను

12. సాధన

కాగితం నిలువుగా మడవండి. ఎడమవైపు తెలుగు ప్రశ్న, కుడివైపు ఫ్రెంచ్ జవాబు. కుడివైపు మూసి నోటితో చెప్పి, తర్వాత తెరిచి చూసుకోండి. రోజుకి ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ. గుంటూరు నుంచి విజయవాడకి రైల్లో వచ్చేలోపు ఒక కాగితం పూర్తవుతుందని ఆ బ్రాడీపేట అమ్మాయే చెప్పింది.

మొదటి కాగితానికి ఇవి తీసుకోండి:

1. టికెట్ కొన్నావా? (లె బియే) – కొన్నాను.
2. అమ్మకి ఫోన్ చేశావా? (తెలెఫొనే) – చేశాను.
3. తమ్ముడికి సాయం చేయాలా? – చేయాలి.
4. మిరపకాయలు ఎన్ని కిలోలు తీసుకున్నావు? – మూడు కిలోలు.
5. గుంటూరు వెళ్తున్నావా? – వెళ్తున్నాను.
6. తాళంచెవి నాకు ఇవ్వు.
7. ఆ ప్రశ్న మాస్టారిని అడిగావా? (పొజే లా కెస్తియోఁ అ) – అడిగాను.

జవాబులు:

1. జె ల్'ఎ అష్తే. "కొన్నాను" వెనక దాగిన "దాన్ని" బయటికి రావాలి.
2. జె లుయి ఎ తెలెఫొనే.
3. జె దువా ల్'ఎదే. అడ్డం తిరిగే క్రియ, పైగా రెండో క్రియ ముందు.
4. జ్'ఆఁన్-ఎ ప్రీ త్రువా కిలో. ఆఁ తో వచ్చింది కాబట్టి "ప్రీ" కి ఏ అక్షరమూ చేరదు.
5. జ్'ఈ వె.
6. దొన్-లా-మువా. "లా క్లే" కాబట్టి లా.
7. జె లా లుయి ఎ పొజే. తెలుగులో "మాస్టారిని", ఫ్రెంచ్‌లో లుయి. ప్రశ్న స్త్రీలింగం కాబట్టి లా, వరసలో అది ముందు, రాసేటప్పుడు చివర ఇంకో "ఇ". ఈ ఏడోది చూడకుండా రాయగలిగితే ఆదివారం క్లాసుకి ఇదే కాగితం తెచ్చుకోండి, పక్కవాళ్ళకి మీరే చెప్పవచ్చు.